సముద్రం మీదుగా వచ్చిన జవాబు

అది 1960. ఊరూరా పంచాయతీలకు కొత్త ఊపు వచ్చిన రోజులు. సభ లేని సాయంత్రం లేదు, దండ పడని మెడ లేదు. నెల్లూరు పెద్దబజారు వెనక సందులో నా మైకు సెట్టు అంగడి అప్పుడు మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉండేది. పెళ్ళికైనా, ఉరుసుకైనా, తిరునాళ్ళకైనా, ఓట్ల మీటింగుకైనా "మస్తాన్‌ను పిలవండి" అనేవాళ్ళు. ఇన్నేళ్ళ పనిలో మరిచిపోలేనిది ఏమిటని ఎవరడిగినా నేను చెప్పేది ఈ ఒక్క సంగతే. ఇప్పటికీ ఇది చెబుతుంటే నా ఒళ్ళు ఊరుకోదు. కుర్చీలోంచి లేచి చేతులు ఊపుతాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి.

మైకు సెట్టు అంటే చాలామంది చేతిలో పట్టుకునే మైకు ఒక్కటే అనుకుంటారు. అసలు పనంతా ఆంప్లిఫైయర్‌ది. సన్నగా వచ్చిన మాటను లావు చేసే ఇనప పెట్టె అది. లోపల గాజు వాల్వులుంటాయి, అవి వేడెక్కితేగానీ పెట్టె నోరు విప్పదు. దాని నుంచి తీగ పోయి హార్న్‌కు, అంటే పైన కట్టే రేకు గొట్టానికి తగులుతుంది. కరెంటు లేని ఊళ్ళకు లారీ బ్యాటరీ మోసుకుపోవాలి. మైకును హార్న్ ముందు పెట్టారా, పెట్టె తన మాట తానే విని కుయ్యిమని కూత పెడుతుంది. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. పెట్టె బలానికి కొలత వాట్లు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో మాట గొప్పదనాన్ని కూడా నేను వాట్లలోనే కొలిచేవాణ్ణి. ఎంత దూరం వినిపిస్తే అంత గొప్ప ఉపన్యాసం!

ఆ ఏడాది నాకు దొరికిన పెద్ద బేరం శేషయ్య మాస్టారు. కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, పొడుగ్గా, జేబు నిండా వేయించిన శనగలతో ఉండేవారు. కొత్త పంచాయతీ సభ్యులకు పౌరధర్మం గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని సమితివాళ్ళు ఆయన్ను ఊరూరికీ పంపారు. ఆయన వెనక నేను, నా వెనక నా గొట్టాలు. సంగం నుంచి నాయుడుపేట దాకా తిరిగాం.

మాస్టారు ఉపన్యాసం గుణం, చట్టం, స్వేచ్ఛ, మాటనేర్పు అనే వాటి చుట్టూ తిరిగేది. గ్రీసులోనూ రోములోనూ మన దేశంలోనూ పాతకాలపు జ్ఞానులంతా వీటి గురించే తలలు బద్దలు కొట్టుకున్నారనేవారు. ఒక మనిషి ఇష్టానికి తలవంచితే అది బానిసతనం, అందరికీ ఒక్కటిగా ఉన్న చట్టానికి తలవంచితే అదే స్వేచ్ఛ అనేవారు. గుణం లేనివాడికి మాటనేర్పు వస్తే పిచ్చివాడి చేతికి రాయి దొరికినట్టేనని నవ్వించేవారు. పెట్టె పక్కన కూర్చుని అన్నిసార్లు విన్నాను కాబట్టి నాకు అదంతా నోటికి వచ్చేసింది. నోటికి వచ్చింది గానీ మనసుకు పట్టలేదు.

అలా ఒకరోజు మైపాడుకు కొంత దూరంలో ఉన్న చేపలవాళ్ళ పాళెం ఒకదానికి పోయాం. పేరు చెప్పను, ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నాకు చేపలు పంపుతారు. మైపాడు దాకా బస్సు, అక్కడి నుంచి ఇసకలో ఎద్దుల బండి. మేం చేరేసరికి మధ్యాహ్నం వాలింది. ఒడ్డున తెప్పలన్నీ లాగి పెట్టి ఉన్నాయి. తెప్ప అంటే దుంగలు పక్కపక్కన కట్టి చేసిన పడవ. సభ ఉందని ఆ సాయంత్రం ఊళ్ళో ఎవరూ నీళ్ళ మీదికి పోలేదు. ఉత్తరాన ఉన్న పక్క పాళెం వాళ్ళ తెప్పలు మాత్రం దూరంగా వరసగా కనబడుతున్నాయి.

నేను వెదురు గడకు హార్న్ కడుతూ చూస్తే, ఒడ్డున ఒక తెప్పకు మాత్రం అడ్డంగా వేపమండలు వేసి తాళ్ళతో బిగించి ఉంది. మండలు ఎండిపోయాయి. దాని పక్కన ఒక మనిషి మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అటుగా పోయేవాళ్ళు ఎవరూ అతని వైపు చూడడం లేదు. ఇంతలో చేపల గంప చంకన పెట్టుకుని ఒకామె నా దగ్గరకు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చూపు సూటిగా ఉంది.

"సాయిబన్నా, ఇందులో మాట్లాడితే యాడదాకా పోతాది?"

"నీకెందుకమ్మా ఆ దిగులు! గాలి కలిసొస్తే మైపాడు దాకా పోతాది" అన్నాను గొప్పగా.

"అంత దూరం వద్దన్నా. ఉత్తరాన పక్క పాళెం దాకా పోతే చాలు."

ఎందుకని అడిగాను. ఆమె గంప కింద పెట్టి చెప్పింది. పేరు అంకమ్మ. మండలు కట్టిన తెప్ప వాళ్ళది. పక్కన కూర్చున్నది ఆమె మొగుడు పోలయ్య. ఊరు అతన్ని వెలివేసింది. తెల్లవారితే మొగుడూ పెళ్ళాం తెప్పను అక్కడే వదిలి ఊరు దాటిపోవాలి.

"అమ్మోరి కొలుపు రోజున మాకు సముద్రం మూసేస్తారన్నా. ఎవురూ నీళ్ళలో కాలు పెట్టకూడదు. ఆయన పెట్టినాడు. ఎందుకు పెట్టినాడంటే, నీళ్ళ మీద నుంచి కేక వినపడింది ఆయనకి. పక్క పాళెమోళ్ళ తెప్ప తిరగబడింది. పోయి ఇద్దుర్ని లాక్కొచ్చి వాళ్ళ ఒడ్డున దించినాడు. వాళ్ళు సంతోషంగా బుట్టెడు చేపలిచ్చినారు. ఆ చేపలతో ఈడకొచ్చినాడు."

"అది చెప్పుకోవచ్చు గదా పంచాయతీలో?"

అంకమ్మ మొగుడి వైపు చూసింది. "ఆయనకి నత్తన్నా. ఒక మాట బయటికి రావాలంటే ఊపిరాడదు. కేక అనేదానికి కె... కె... అంటా ఉంటే కుర్రోళ్ళు నవ్వినారు. పెద్దకాపుకి ఇసుగొచ్చింది. తెప్పలో చేపలుండాయి గదా, ఇంకేం చెప్తావులే అని తీర్పు చెప్పేసినాడు. నేను చెప్దామంటే ఆడోళ్ళు పంచాయతీలో నోరెత్తకూడదంట."

పెద్దకాపు అంటే ఆ పాళేనికి పెద్ద. తగువు తీర్చేది, తప్పు అంటే జరిమానా వేసేది, సముద్రం మూసేది, తెరిచేది ఆయనే. మరి బతికినవాళ్ళనైనా వచ్చి సాక్ష్యం చెప్పమనకూడదా అని అడిగాను. వలల దగ్గర కొట్లాట జరిగినప్పటి నుంచి ఆ ఊరివాళ్ళు ఈ ఊళ్ళో, ఈ ఊరివాళ్ళు ఆ ఊళ్ళో అడుగుపెట్టకూడదని రెండు ఊళ్ళ పెద్దలూ కట్టడి చేశారట. నెల్లూరు చేపల అంగట్లో ఆ ఊరి ఆడవాళ్ళ ద్వారా కబురు పంపినా బదులు రాలేదట.

"అందుకే ఈ గొట్టంలో అడుగుదామనుకుంటా ఉండా" అంది.

నా గుండె ఎగిరి గంతేసింది! పెళ్ళిపాటలకూ ఓట్ల అరుపులకూ తప్ప నా పెట్టె ఇంత పనికి ఎప్పుడు పనికొచ్చింది? "నా మైకు నీకే ఇస్తానమ్మా" అని మాట ఇచ్చేశాను. మాస్టారును అడగలేదు, పెద్దకాపును అసలే అడగలేదు. నాకు అంత ఓపిక ఎక్కడిది!

సభ మొదలైంది. ఊరి వైపు ఒక బల్ల, దాని మీద రెండు కుర్చీలు. ఒకదాంట్లో మాస్టారు, ఇంకోదాంట్లో పెద్దకాపు. పెద్దకాపు బలమైన మనిషి, నెరిసిన మీసం, భుజాన ఎర్ర తువ్వాలు. ముందు మగవాళ్ళు, వాళ్ళ వెనక సముద్రం దాకా ఆడవాళ్ళు, పిల్లలు కూర్చున్నారు. మాస్టారు ఆ రోజు మంచి ఊపుమీదున్నారు. పాతకాలంలో గ్రీకు ఊళ్ళలో జనమంతా ఒకచోట చేరేవారనీ, మాట్లాడదలచినవాడు లేచి మాట్లాడేవాడనీ, ఎదుటివాడి మాట పూర్తిగా వినకుండా తీర్పు చెబితే అది తీర్పే కాదనీ చెప్పారు. జనం బాగా విన్నారు. పెద్దకాపు కూడా తల ఊపాడు. చివర మాస్టారు, "ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడగవచ్చు" అన్నారు.

మామూలుగా ఆ మాట తర్వాత అందరూ చెప్పులు వెతుక్కుంటారు. ఆ రోజు ఆడవాళ్ళలోంచి అంకమ్మ లేచింది.

"సామీ, ఆ ఊళ్ళల్లో ఆడోళ్ళు లేచి మాట్లాడొచ్చా?"

మాస్టారు చేతిలో శనగలు మళ్ళీ జేబులో వేసుకున్నారు. "లేదమ్మా, మాట్లాడనివ్వలేదు. అంత తెలివిగలవాళ్ళూ అక్కడ తప్పు చేశారు."

"మరి ఈడ?"

"ఇక్కడ మాట్లాడవచ్చు. ఇలా రా."

ఆమె మగవాళ్ళ మధ్యనుంచి నడిచి వస్తుంటే గుసగుసలు మొదలయ్యాయి. నేను మైకు ఆమె ఎత్తుకు దించాను. అంకమ్మ పెద్దకాపు వైపు తిరిగి, "పెద్దకాపు మామా, కట్టుబాటు పెద్దోళ్ళకి కూడా ఉంటాదా?" అని అడిగింది. ఆ మాట హార్న్‌లోంచి ఒడ్డంతా మోగింది. తెప్ప దగ్గర ఒంటరిగా కూర్చున్న పోలయ్య తలెత్తాడు.

పెద్దకాపు ముఖం ఎర్రబడింది. "ఇది సబా, పంచాయతీనా? ఈమెకి ఈడేం పని? సబ అయిపాయ, లేవండి!" అని తువ్వాలు దులిపి, జనం మధ్యనుంచి విసవిసా నడిచి సముద్రం వైపు పోయాడు. అంకమ్మ ఉత్తరానికి తిరిగి ఇంకా నోరు తెరుస్తూనే ఉంది, టప్పుమని హార్న్ మూగబోయింది. చూస్తే పెద్దకాపు బావమరిది బ్యాటరీ క్లిప్పు పీకి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు!

నాకు కోపం నషాళానికి అంటింది. ఎవడి సొమ్ము పీకావురా అని మీదికి దూకి చొక్కా పట్టుకున్నాను. వాడు నాకు రెండింతలున్నాడు, ఆ సంగతి వాడు నా చొక్కా పట్టి చించాక తెలిసింది. జనం లేచిపోతున్నారు. అంతా పాడైపోయిందనుకున్నాను. పెట్టె మళ్ళీ వేడెక్కేలోపు ఒడ్డు ఖాళీ అయిపోతుంది, తెల్లవారితే ఈ ఇద్దరూ ఊరు దాటిపోతారు.

అప్పుడు అంకమ్మ మైకును పక్కకు నెట్టేసి, రెండు చేతులూ నోటికి దొప్పలా పెట్టుకుని, "ఓ... హో... య్!" అని ఒక కేక పెట్టింది.

అంతే. లేచినవాళ్ళు లేచినట్టే ఆగిపోయారు. బావమరిది చెయ్యి సడలింది. నాకేం అర్థం కాలేదు. పక్కనున్న ముసలాయన్ను, ఏందిది అని అడిగాను. ఆయన నా చెవిలో గబగబా చెప్పాడు. అది ఆపద కేక. సముద్రం మీద ఆ కేక ఎవరి చెవిన పడినా సరే, అది ఎవరిదని అడక్కూడదు, పగవాడిదైనా కాదనకూడదు. విన్నది విన్నట్టు పక్క తెప్పకు అందించాలి. ఒక మాట కలపకూడదు, ఒక మాట తగ్గించకూడదు. జవాబు వస్తే దాన్నీ అలాగే వెనక్కి మోయాలి. ఈ తీరంలో అన్ని పాళేలకూ ఇదే కట్టుబాటు. కేక అందించనివాడి తెప్పను ఇక ఏ చెయ్యీ నీళ్ళలోకి తొయ్యదు. దొంగ కేక పెట్టినవాళ్ళకు ఏ పాళెంలోనూ చోటుండదు.

అప్పుడర్థమైంది నాకు, అంకమ్మ ఎంత పెద్ద పందెం కాసిందో! అవతలి నుంచి జవాబు రాకపోతే అది దొంగ కేక కింద లెక్క, ఈ ఊరే కాదు, తీరమంతా ఆమెకు మూసుకుపోతుంది.

బావమరిది తేరుకుని, "ఆడమనిషి కేక పెట్టేదేంది? గట్టు మీద కేకేంది?" అని అరిచాడు. దానికి ఆడవాళ్ళ గుంపులోంచి ఒక అవ్వ లేచింది. "గాలివాన రేగినప్పుడు గట్టు మీద నిలబడి మీకు కేకలు పెట్టేది ఎవుర్రా? మీ అమ్మ కాదా? అప్పుడు ఆడగొంతని ఈదుకుంటా ఎనక్కి పోయినావా?" అంది. వాడు రెండడుగులు వెనక్కి జరిగాడు. మాస్టారు కుర్చీ మీదికి ఎక్కి నిలబడ్డారు! ఆ వయసులో!

అంకమ్మ ఒక్కొక్క మాట విడదీసి పలికింది. "కొలుపు రోజున... కేక పెట్టింది... ఎవురు? పోలయ్య తెప్ప... అడగతా ఉంది!"

ముందు వరస మగవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. పోలయ్య నత్తిని చూసి నవ్వినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఒకడు లేచి వెనక్కి తిరిగి అందుకున్నాడు. "కొలుపు రోజున కేక పెట్టింది ఎవురు?" తర్వాత వాళ్ళు అందుకున్నారు. తర్వాత ఆడవాళ్ళు అందుకున్నారు. ఆ మాట నా కళ్ళ ముందే ఒడ్డు మీద నడుచుకుంటూ పోయింది! నా హార్న్ కంటే నిదానంగా, కానీ ఒక్క అక్షరం చెదరకుండా పోయింది. పోయి పోయి నీళ్ళ అంచున ఆగింది. ఎందుకంటే నీళ్ళ అంచున నిలబడి ఉన్నది పెద్దకాపు.

సముద్రానికి దగ్గరగా ఉన్నవాడే దాన్ని నీళ్ళ మీదికి పంపాలి. ఊరంతా ఆయన వీపు వైపు చూస్తోంది. ఆయన కదల్లేదు. అలలు వచ్చి పాదాలు తడిపి పోతున్నాయి. పెద్దకాపు కాదంటే అడిగేవాడెవడు? కోర్టా, పోలీసా? ఎవరూ లేరు. ఆయన కట్టుబాటుకు కాపలా ఆయనే.

పెద్దకాపు చేతులు నోటికి పెట్టుకున్నాడు. "ఓ... హో... య్! కొలుపు రోజున కేక పెట్టింది ఎవురు? పోలయ్య తెప్ప అడగతా ఉంది!"

యా అల్లా, ఏమి గొంతు! నా పెట్టె సిగ్గుపడాలి. దగ్గరలో ఉన్న పక్క పాళెం తెప్ప మీద ఒక మనిషి తెడ్డు పైకెత్తి ఊపాడు. విన్నాడన్నమాట. అతను ఉత్తరానికి తిరిగాడు. ఆ తర్వాతి తెప్ప మీద తెడ్డు లేచింది. ఆ తర్వాత ఇంకొకటి. దూరాన చుక్కల్లా కనబడే తెప్పల దాకా తెడ్లు లేస్తూ పోవడం చూశాం. ఆ తర్వాత ఏమీ లేదు. గాలి, అలల హోరు. అంకమ్మ బల్ల పట్టుకుని నిలబడింది. పోలయ్య తెప్ప దగ్గర లేచి నిలబడ్డాడు.

ఎంతసేపో నాకు తెలియదు. చాలాసేపు. చివరకు దూరపు తెప్ప మీద తెడ్డు కదిలింది. తర్వాత దాని ఇవతలిది. జవాబు వస్తోంది! తెప్ప నుంచి తెప్పకు దుముకుతూ మా వైపే వస్తోంది! మాకు మాటలు వినబడడం లేదు. పెద్దకాపు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి నడిచి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నాడు. తర్వాత మెల్లగా మా వైపు తిరిగి, ఊరంతటికీ వినబడేలా ఆ జవాబు మోశాడు.

"మేమే! ఇద్దురం! పోలయ్య తెప్ప ఎక్కినాం! బతికినాం!"

ఆ మాటలు పెద్దకాపు నోటి నుంచి వచ్చాయి! ఆడవాళ్ళు అందుకున్నారు, మగవాళ్ళు అందుకున్నారు. బతికినాం, బతికినాం అంటూ అంకమ్మ దాకా తెచ్చి ఇచ్చారు. అంకమ్మ ఇసకలో కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు! నా చొక్కా చించిన బావమరిది కూడా క్లిప్పు చేతిలో పట్టుకునే కళ్ళు తుడుచుకున్నాడు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆపద కేకకు ఇంకో నియమం ఉందట. ఏ తెప్ప పేరున కేక పోయిందో ఆ తెప్ప మనిషి మాట్లాడి చాలు అనేదాకా అందరూ అందిస్తూనే ఉండాలి. జనం పోలయ్య వైపు తిరిగారు. నేను గబగబా క్లిప్పు లాక్కుని బ్యాటరీకి తగిలించి తీగ సాగినంత దూరం మైకు పట్టుకుపోయి అతని వైపు చాచాను. అతను తల అడ్డంగా ఊపాడు. మైకు వద్దన్నాడు.

"కొ... కొలుపు రోజున..." అన్నాడు. పక్కవాళ్ళు అందుకుని వెనక్కి పంపారు. వాళ్ళు పంపేదాకా అతను ఆగాడు. అతనికి తర్వాతి మాట దొరికేదాకా వాళ్ళు ఆగారు. "స... సముద్రం మూసినారు." అదీ పోయింది. "నే... నేను పోయినా." అదీ పోయింది. కేక మోసేవాళ్ళకు మాటకూ మాటకూ మధ్య ఖాళీ కావాలి. పోలయ్య దగ్గర ఆ ఖాళీ కావలసినంత ఉంది. పంచాయతీలో ఎవరికీ లేని ఓపిక ఇప్పుడు ఊరంతటికీ వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

"క... కట్టుబాటు తప్పినా. ఆ త... తప్పు నేను కట్టుకుంటా. చే... చేపలకి పోలేదు. కే... కేక విన్నా." చెమటలు కారుతూ కాసేపు ఆగి, "చా... చాలు" అన్నాడు.

చూశారా మనిషిని! ప్రాణాలు కాపాడినవాణ్ణి అని ఛాతీ చరుచుకోలేదు. ముందు తన తప్పు తాను ఒప్పుకున్నాడు. అది విని మాస్టారు కుర్చీ మీద నుంచి దిగి, "గుణం! గుణం అంటే ఇదయ్యా!" అని నా భుజం మీద ఒక్కటి చరిచారు. రెండు రోజులు నొప్పి పెట్టింది.

పెద్దకాపు తడి పంచెతో జనం మధ్యకు వచ్చాడు. అంకమ్మ ముందు నిలబడ్డాడు. "కట్టుబాటు పెద్దోళ్ళకి ఉంటాదా అని అడిగినావు గదా" అన్నాడు. "ఉంటాది. కొలుపు రోజు నీళ్ళలో కాలు పెట్టినందుకు పోలయ్య అమ్మోరి ముందర ఒక టెంకాయ కొట్టాల. సగం ఇని తీర్పు చెప్పినందుకు నేనొక టెంకాయ కొట్టాల. ఇద్దురం ఒకే రాయి మీద కొడతాం. ఇంక ఈ పాళెంలో మనిషి చాలు అనేదాకా తీర్పు లేదు." అని, పోయి తన చేతులతోనే తెప్ప మీది మండలు తీసి అవతల పారేశాడు. కుర్రవాళ్ళ ఈలలు, ఆడవాళ్ళ నవ్వులు! నా మైకు ఆన్‌లోనే ఉంది, ఆ గోలంతా హార్న్‌లోంచి రెండింతలై మోగింది. ఆ గోలకు పెట్టె కూడా కూత పెట్టింది. ఆ రోజు నేను దాన్ని ఆపలేదు.

తిరుగు బండిలో మాస్టారు ఒకచోట కూర్చోలేకపోయారు. "మస్తానూ, నేను ఇన్నేళ్ళు నల్లబల్ల మీద రాసినదంతా ఒడ్డు మీద చూశానయ్యా! ఆయన్ను ఎవరూ బలవంతం చెయ్యలేదు. చట్టం చెయ్యమంది, చేశాడు. ఆ క్షణంలో ఆ ఊళ్ళో అందరికంటే స్వేచ్ఛ ఉన్నది ఆయనకే" అన్నారు.

"మరి మాటనేర్పు ఎవరిది మాస్టారూ? అంకమ్మదా, పోలయ్యదా?"

మాస్టారు శనగలు నమిలి నమిలి ఆలోచించారు. "మోసినవాళ్ళది" అన్నారు చివరకు.

ఆ సాయంత్రం తర్వాత నా పనిలో ఒక మార్పు వచ్చింది. అంతకుముందు సభకు పోతే మాట చివరి వరస దాకా పోతోందా లేదా అని మాత్రమే చూసేవాణ్ణి. చివరి వరసలోవాడు ఏమంటున్నాడో నాకు పట్టేది కాదు. ఇప్పుడు పొడుగాటి తీగతో రెండో మైకు ఒకటి చేయించి, ప్రతి సభలోనూ జనం మధ్య పెట్టడం మొదలుపెట్టాను. బల్ల మీదివాళ్ళలో కొందరికి అది నచ్చలేదు. "ఈ రెండోది ఎవరికయ్యా?" అని ఒక పెద్దమనిషి చిరాకుపడ్డాడు. "తమరికి జవాబు చెప్పేవాళ్ళకి" అన్నాను. ఆయన సెట్టు తిప్పి పంపేశాడు. గొట్టాలు బండికెత్తుకుని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను. పోతే పోయింది ఒక బేరం.

ఆ రెండో మైకును మొదటిసారి పట్టుకున్నది ఎవరనుకున్నారు? పోలయ్య! ఆ మరుసటి ఏడు అదే పాళెంలో పంచాయతీ సభ. ఈసారి ఊరి కోరికలు చెప్పుకొమ్మన్నారు. పోలయ్య లేచి, నా దగ్గరకు తానే నడిచి వచ్చి మైకు తీసుకున్నాడు. బల్ల మీద కొత్తగా వచ్చిన ఒక ఆఫీసరు, అతనివి రెండు మాటలు పూర్తికాకముందే, "సరే సరే, అర్థమైంది, కూర్చో" అన్నాడు. వెంటనే బల్ల మీద ఆయన పక్కనే ఉన్న పెద్దకాపు, "మా వాడు ఇంకా చాలు అనలేదు సారూ" అన్నాడు. ఆఫీసరు పోలయ్య వైపు తిరిగి కూర్చున్నాడు.

"మా... మా పాళేనికి మం... మంచినీళ్ళ బావి కా... కావాలి" అన్నాడు పోలయ్య. ఆగి, జనం వైపు ఒకసారి, అంకమ్మ వైపు ఒకసారి చూసి, "చాలు" అన్నాడు. ఆ ఒక్క మాటకు మాత్రం నత్తి రాలేదు.